స్టూలు అడిగినందుకు

తెల్లవారేసరికి దండెం మీద రెండు కోట్లూ ఆరి ఉన్నాయి. నీలంది అతనిది, పసుపుది భార్యది. సబ్బుల ఫ్యాక్టరీలో నీలం కోటంటే పర్మనెంటు, పసుపు కోటంటే ఏజెన్సీ తెచ్చిన మనిషి. నిలబడే లైను మాత్రం ఒకటే, ఎత్తే పెట్టె బరువూ ఒకటే.

ఇక పనికి రానక్కర్లేదు, కోటు తిరిగిచ్చేయమని ఏజెన్సీ నుంచి నిన్న భార్యకు ఫోనొచ్చింది. ఎందుకని అడిగితే ఫ్యాక్టరీ వాళ్ళను అడగమన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళేమో ఆవిడ అసలు మా మనిషే కాదన్నారు.

ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరికి వెళ్తానంది భార్య. మూడో నెల కడుపుతో ఉన్నందుకే తీసేశారని ఆమె అనుమానం. ఇంట్లో ముగ్గురికి తప్ప తెలియని సంగతి ఫ్యాక్టరీ దాకా ఎలా పాకిందో మాత్రం అంతుపట్టలేదు.

అతను తాగని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"లాయర్ల గుమ్మం తొక్కితే వాడి ఉద్యోగానికీ ఎసరొస్తుంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతాం," అంది అతని తల్లి, దుప్పటి మడతపెడుతూ.

"దారేదో కనుక్కొస్తానంటున్నా అత్తయ్యా, అంతే."

"ఆ కనుక్కోడాలే కొంపలు ముంచుతాయి."

భార్య అతనివైపు తిరిగింది. "మీరేమంటారు?"

లైనులో అతన్ని మూగాయన అంటారు. సబ్బుకు నోరొచ్చినా అతనికి రాదని ఎగతాళి. అతను లేచి నీలం కోటు తొడుక్కున్నాడు.

"సరే. ఎలాగూ అటే వెళ్తున్నారుగా," అని పసుపు కోటు మడిచి చేతిలో పెట్టింది. "నా కోటూ మీరే అప్పజెప్పండి."

గేటు దగ్గర కాపలాదారు కోటుకోసం చెయ్యి చాచాడు. లోపల, ఆమె నిలబడే చోట అప్పుడే ఇంకో పసుపు కోటు వంగి లేస్తోంది. అతను చాలాసేపు చూశాడు. కోటు చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

లాయరమ్మ గది జనంతో కిటకిటలాడుతోంది. భార్య బల్ల ముందు నిలబడే ఉంది. ఏజెన్సీ మనిషినైనా కడుపుతో ఉందని తీసేయకూడదని, అయితే ఆ సంగతి వాళ్ళకు ముందే తెలుసని చెప్పే మనిషి కావాలని లాయరమ్మ అంటోంది.

"నేను చెప్తాను," అన్నాడు గుమ్మంలోంచి. "సూపర్‌వైజరుకు చెప్పింది నేనే. మా ఆవిడకు మూడో నెల, కూర్చోడానికో స్టూలు వేయించమని అడిగా. నవ్వి భుజం తట్టాడు. మర్నాడే ఫోనొచ్చింది."

భార్య అతన్ని తేరిపార చూసింది. "నాకెందుకు చెప్పలేదు?"

"స్టూలు వచ్చాక చెబుదామనుకున్నా."

సాక్ష్యం చెబితే మీకూ ఇబ్బంది రావచ్చు, ఆలోచించుకున్నారా అని అడిగింది లాయరమ్మ. దారంతా అదే ఆలోచించానన్నాడు. ఇంటికెళ్ళి అమ్మకు చెప్పడమే కష్టమన్నాడు.

గోడవార ఎవరో లేవగానే స్టూలొకటి ఖాళీ అయింది. అతను దాన్ని తెచ్చి, పసుపు కోటుతో దుమ్ము తుడిచి, భార్య వెనక వేశాడు.

"ముందు నువ్వు కూర్చో."

ఆమె కూర్చుంది. అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్ళు అప్పుడు రాలాయి.