సెలీనా పగటి నిద్ర

పది రోజుల పనికని చికాగో వెళ్లిన సెలీనా బేగంపేటలో విమానం దిగి ఇంకా వారం కాలేదు. మనిషైతే దిగింది గానీ, నిద్ర మాత్రం అక్కడి హోటల్ గదిలోనే ఉండిపోయింది. ఊరంతా పడుకున్నాక ఆమె కళ్లు పత్తికాయల్లా తెరుచుకునేవి. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే మెడ వాలిపోయేది.

రెండు వేల సంవత్సరం వచ్చేలోపు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ సరిచేసి తీరాలని హైటెక్ సిటీలో అందరూ తలలు పట్టుకున్న కాలమది. తిరిగొచ్చాక ఆ రోజే మొదటిసారి ఆఫీసుకు వెళ్లిన సెలీనా తెర ముందే కునికితే నుదురు వెళ్లి కీబోర్డుకు కొట్టుకుంది. మేనేజరు జ్ఞానప్రకాశం గారు అది చూసి జాలిపడ్డారు.

"ఇంటికెళ్లమ్మా. పగలు మాత్రం పడుకోవద్దు. ఇవాళ ఒక్కరోజు ఓర్చుకుంటే ఒళ్లు దారికొస్తుంది" అన్నారు.

ఆయన అమెరికా వెళ్లొచ్చిన ప్రతిసారీ వారం సెలవు పెట్టి ముసుగుతన్నే మనిషి. అయినా సలహా మంచిదే కదా అనుకుని ఆమె కంపెనీ వ్యాన్ ఎక్కింది.

ఖాజాగూడలో గుట్టల పక్కన కిరాయి ఇల్లు. వెనకాల ఎవరో బండలు పేలుస్తున్నారు. పేల్చినప్పుడల్లా కిటికీ రెక్కలు వణికేవి, ఎంత తుడిచినా గిన్నెల మీద సన్నటి రాతిపొడి పేరుకునేది. భర్త ప్రేమ్ కుమార్ బాచుపల్లిలో కాలేజీ లెక్చరర్, చీకటి పడ్డాక గానీ రాడు. అంతవరకూ కూతురు హెప్సిబాను చూసుకునేది పక్క బస్తీ లచ్చమ్మ. పిల్లకు ఇంకా మూడేళ్లు నిండలేదు.

నిద్ర సంగతి అలా ఉంచితే, సెలీనాను నిజంగా బాధపెడుతున్నది ఆ పిల్లే. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అమ్మ దగ్గరికి రావడం లేదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోతుంది. ముద్దు పెట్టబోతే ముఖం తిప్పుకుంటుంది. "వదిలేసి పోతే అలగదా మరి?" అని ప్రేమ్ నవ్వేశాడు. సెలీనాకు మాత్రం నవ్వు రాలేదు. కడుపున పుట్టిన పిల్ల తనను పరాయిదాన్ని చూసినట్టు చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చేది.

ఇంటికి వచ్చేసరికి లచ్చమ్మ బియ్యం చెరుగుతోంది.

"పాప అన్నం తిన్నదా?"

"ఇప్పుడు యాడ తింటదమ్మా. నువ్వు పండుకున్నంకనే తింటది."

"నేను పడుకున్నాకా?"

"నిన్న పగటీలి నువ్వే లేసి తినిపిస్తివి గద. మొన్న సుత గంతే. కండ్లు మూసుకొనే తినిపించినవ్. నాకైతే నవ్వాగలె."

సెలీనాకు అదేమీ గుర్తులేదు. నిన్న మధ్యాహ్నం మంచం మీద వాలడం, సాయంత్రం లేవడం, అంతే. ఒళ్లు తెలియని నిద్రలో లేచి తిరిగానేమో అని సర్దిచెప్పుకుంది. కానీ మనసు ఊరుకోలేదు.

"నేను ఊళ్లో లేనప్పుడు ఎలా తినేది లచ్చమ్మా?"

"అబ్బో, మస్తు పరేషాన్ జేసింది. ముద్ద ముట్టకపాయె. ఇగ నేనే గడప కాడ నిలబడి నిన్ను పిలుస్తుంటి. 'సెలీనమ్మా, దా, నీ బిడ్డకు బువ్వ వెట్టు' అని. అగో అమ్మొచ్చిందంటే, అటు జూసి నోరు తెరిసేది."

పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు అందరం చేసే పనే ఇది. చందమామను పిలుస్తాం, కాకిని పిలుస్తాం, బూచాణ్ణి పిలుస్తాం. ఎవరూ రారన్న ధైర్యంతోనే పిలుస్తాం. లచ్చమ్మ రోజూ పూటపూటకూ పిలిచింది.

"తర్వాత?"

లచ్చమ్మ చేట పక్కన పెట్టింది. "తర్వాత నేను పిలువకున్నా పిల్ల అటే జూసి నవ్వుతుండె. ఒకనాడు గిన్నె ఆడ వెట్టి నీళ్లకు పోయిన. వచ్చేసరికి గిన్నె ఖాళీ. పిల్ల మూతి సుత తుడిసి ఉన్నది."

"ఇంకెప్పుడూ అలా పిలవకు" అంది సెలీనా. గొంతు తను అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది.

"నీ బిడ్డ కడుపు నింపనీకే పిలిస్తినమ్మా" అని లచ్చమ్మ ముఖం మాడ్చుకుంది. బస్తీకి నీళ్ల ట్యాంకర్ వచ్చిందని బిందె తీసుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు.

ఏమైనా సరే ఇవాళ నిద్రపోకూడదు. పిల్ల తన చేత్తోనే తినాలి. సెలీనా చన్నీళ్లతో ముఖం కడుక్కుని, చిక్కటి కాఫీ తాగింది. పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి, మంచం మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. హెప్సిబా పెదాలు బిగించింది. బుజ్జగించినా, కథ చెప్పినా తెరవలేదు. దాని చూపంతా అమ్మ భుజం మీదుగా గడప వైపే ఉంది.

సెలీనాకు ఒళ్లు మండింది. బుగ్గలు నొక్కి నోట్లో ముద్ద కుక్కింది. పిల్ల వేలు కొరికి, ముద్ద ఉమ్మేసింది.

"నేను కాదా మీ అమ్మని?"

పిల్ల ఏడవలేదు. ఆమెకేసి నిదానంగా చూసింది.

"నువ్వు బజ్జో" అంది.

వెనకాల బండ పేలింది. కిటికీ వణికి ఆగింది. అంతలోనే కరెంటు పోయి, ఫ్యాను మెల్లమెల్లగా నిలిచిపోయింది. బయట ఎండ మండిపోతోంది. గదిలోకి మాత్రం చల్లటి వాసనేదో వచ్చింది. ఆ వాసన సెలీనాకు తెలుసు. చికాగోలో నిద్ర పట్టక రాత్రంతా దొర్లిన గదిలో, ఆ మూసిన కిటికీల మధ్య పాత కార్పెట్టు వాసన అది. ఇక్కడికెలా వచ్చింది?

లేవాలనుకుంది. కాళ్లు రాలేదు.

రెప్పలు బరువెక్కాయి. పిల్లను గట్టిగా పట్టుకోవాలి... పట్టుకునే ఉన్నానా? ఒళ్లో బరువు తగ్గింది. చిన్న పాదాలు నేల మీద తప్ తప్ మని వెళ్లిపోయాయి. ముందుగదిలో గిన్నె జరిగిన చప్పుడు.

"ఇంకొక్క ముద్ద... మా బంగారు తల్లి కదూ..."

తన పుట్టింటి గుంటూరు యాస. తన గొంతే.

పిల్ల కిలకిలా నవ్వింది. ఇన్ని రోజులుగా తన కోసం నవ్వని నవ్వు.

సెలీనా ప్రాణమంతా కూడదీసుకుని లేచింది. ఆశ్చర్యం, ఈసారి ఒళ్లు దూదిలా తేలిగ్గా లేచింది. పరుగున ముందుగదిలోకి వచ్చింది. నేల మీద గిన్నె ఉంది. మెతుకు మిగల్లేదు. పిల్ల లేదు, ఎవరూ లేరు. వీధి తలుపు వేసే ఉంది.

వెనక్కి తిరిగింది.

పడగ్గది గుమ్మంలో, లోపలి వైపు, హెప్సిబా నిలబడి ఉంది. మూతి శుభ్రంగా తుడిచి ఉంది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... అమ్మ బజ్జుంది."

మంచం మీద ఎవరో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. సెలీనా కట్టుకున్న నీలం చీరే. చేతికి ఎండిన పప్పన్నం. ప్రేమ్ ఎప్పుడూ వేళాకోళం చేసే ఆ సన్నటి ఈల లాంటి గురక.

"హెప్సీ, ఇలా రా" అనబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు.

"నువ్వు పో" అంది పిల్ల, మెల్లగా, ముద్దుగా. "లచ్చమ్మ పిలిస్తే రా."

తలుపు మూసుకుంది. దానికి గడియ పైన ఉంటుంది, సెలీనా కూడా మునివేళ్ల మీద లేస్తే గానీ అందదు. ఆ గడియ లోపల్నుంచి పడింది.

మంచం మీద గురక మాత్రం ఆగలేదు.