మేస్త్రి నడక

పోయినవాళ్ళతో పోట్లాట పెట్టుకుంటే గెలుపు ఉండదు. అవతలి మనిషి మారు పలకడు, ఊరంతా ఆయన వైపే ఉంటుంది. కాళ్ళ మేస్త్రి కూతురు ఏడాదిగా ఆ పోట్లాటలోనే ఉంది.

మేస్త్రి పెట్టుడు కాళ్ళు చేసేవాడు. ప్రమాదంలోనో జబ్బుతోనో కాలు పోయి, ఇక బతుకంతా మంచం మీదే అనుకున్నవాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళేవాడు. బతిమాలి, తిట్టి, నవ్వించి లేపేవాడు. తెగగా మిగిలిన కాలి మోడుకి ప్లాస్టర్ అచ్చు తీసి, దానికి సరిపోయేలా కాలు చేసి, తొడిగి, నడిపించి పంపేవాడు. మనిషి పోయినా మంచి మిగలాలంటారు. ఈయన మంచి మిగలడమే కాదు, వీధుల్లో తిరుగుతోంది కూడా. చిక్కంతా ఆ తిరగడంలోనే ఉంది.

పెట్టుడు కాలికి పాదాన్ని చీలమండ దగ్గర ఒక బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు వదులు చేసి పాదాన్ని ఎటు తిప్పి బిగిస్తే నడక అటే పోతుంది. ఈ పని చేసే ఎవరైనా నేల మీద తిన్నటి గీత గీసి, దానికి పాదాన్ని సరిచేస్తారు. మేస్త్రికి గీతలంటే పడదు. "నాతో పాటు అడుగెయ్యి" అని ఆ మనిషి పక్కనే తనూ నడిచేవాడు. ఇద్దరి అడుగులూ ఒక్కటిగా పడేదాకా బోల్టు తిప్పుతూనే ఉండేవాడు. చూసేవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. అయితే మేస్త్రి పాదం ఒకటి చిన్నప్పుడు విరిగి, వంకరగా అతుక్కుని, బయటికి తిరిగి ఉండేది. ఒక అడుగు వేసి, రెండోది ఈడ్చేవాడు. ఆయన కాళ్ళు తొడుక్కున్నవాళ్ళందరికీ అదే నడక వచ్చింది. ఊరు దానికి మేస్త్రి నడక అని పేరు పెట్టి మురిసిపోయింది. తర్వాత తర్వాత తుంట్లు నొప్పి పుడితే వయసు మీద పడిందనుకున్నారు.

ఆ సంగతి కనిపెట్టింది, ఆయన పోయాక అంగడి నడుపుతున్న కూతురు. కనిపెట్టి ఊరుకుంటే పోయేది, నోరు తెరిచి చెప్పింది. చెడ్డవాడి తప్పు దిద్దితే నలుగురూ మెచ్చుకుంటారు, మంచివాడి తప్పు దిద్దబోతే కొట్టడానికి వస్తారు. "ఆ మహానుభావుడి చేతికి వంక పెడతావా?" అన్నారు. "తండ్రి పేరు చెడగొట్టడానికి పుట్టింది" అన్నారు. అంగడి ముందు గదిలో కూర్చునే బాబాయి అయితే నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

నమ్మినవాడు ఒక్కడే, మేస్త్రి చేసిన కాలు తొడుక్కునే లెక్కల మాస్టారు. ఆయనకి వేరే దారి లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే తుంటి కీలు పూర్తిగా అరిగిపోతుందని, ఆ తర్వాత చక్రాల కుర్చీయేనని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"నీ గీత ప్రకారమే బిగించమ్మా" అన్నాడు మాస్టారు. "గీతలంటే నాకు నమ్మకం."

బిగించింది. లోపలి మెత్తకి జిగురు ఆరాలని కాలిని వెనక గదిలో బల్ల మీద పెట్టి, అందరూ భోజనాలకి వెళ్ళారు. వచ్చి చూస్తే పాదం బయటికి తిరిగి ఉంది. బోల్టు సరిగ్గా పట్టలేదనుకుంది. మర్నాడు మళ్ళీ తిన్నగా బిగించి, బోల్టుకి అడ్డంగా రంధ్రం తొలిచి, అది కదలకుండా ఇనుప మేకు దిగ్గొట్టింది. భోజనం చేసి వచ్చేసరికి మేకు బల్ల మీద ఉంది. ఎవరో గుడ్డతో శుభ్రంగా తుడిచి మరీ పక్కన పెట్టారు. పాదం మళ్ళీ బయటికే.

బాబాయి మీద అనుమానం వచ్చింది. ఆయన వణికిపోతూ ఒట్టేశాడు.

"అందరూ కునుకు తీసే వేళకి వచ్చి పని చేసుకోవడం అన్నయ్య అలవాటే. అమ్మలూ, ఆయన చేసింది కెలక్కే."

మూడోసారి బిగించాక ఆమె భోజనానికి వెళ్ళలేదు. బాబాయిని ఇంటికి పంపేసింది. మాస్టారు తన చంకకర్ర పక్కన పెట్టుకుని ముందు గది బెంచీ మీదే కూర్చున్నాడు. ఆమె వెనక గదిలోకి వెళ్ళి, కాలు ఒళ్ళో పెట్టుకుని, స్పానర్ చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. భయంకన్నా మంటే ఎక్కువగా ఉంది. బతికుండగా ఒక్క బోల్టు ముట్టుకోనివ్వలేదు, చచ్చాకైనా తన పని తనని చేసుకోనివ్వడా?

దెయ్యాలకి అర్ధరాత్రి ముహూర్తమని ఎవరు పెట్టారో గానీ, ఆ మధ్యాహ్నం వాన మబ్బు కమ్మేసి గది నల్లబడిపోయింది. జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ మూసింది. కాసేపటికి కరెంటు పోయింది. గోడ చుట్టూ అరల్లో మేస్త్రి తీసిన ప్లాస్టర్ అచ్చులు, మోకాలి దగ్గర ఆగిపోయినవి, తొడ దగ్గర ఆగిపోయినవి, చీకట్లో తెల్లగా, వరసగా నిలబడి ఉన్నాయి. గదంతా తడి ప్లాస్టర్ వాసన. జిగురు ఘాటు. రేకుల మీద వాన చప్పుడు.

ఆ వాసనల మధ్యలోంచి ఇంకో వాసన మెల్లగా లేచింది.

నొప్పుల తైలం.

చిన్నప్పుడు పడుకోబోయే ముందు రోజూ ఆ తైలం ఆమె చేతులకి అంటేది. నాన్న బోర్లా పడుకుని, "తుంటి దగ్గర రుద్దు అమ్మలూ, ఇంకాస్త గట్టిగా" అనేవాడు. ఆయనకి నొప్పి ఉండేదని ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆమె కూడా ఇన్నాళ్ళూ మర్చిపోయింది.

టక్...

ఒక అడుగు. తర్వాత నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడు.

టక్... సర్‌ర్...

తలుపు వేసే ఉంది. చప్పుడు మాత్రం తలుపుకి ఇవతలే ఉంది. అరల పక్కనుంచి వస్తోంది. తీరిగ్గా. సొంత అంగట్లో తిరిగే మనిషిలా.

టక్... సర్‌ర్...

స్టూలు ముందు ఆగింది.

ఒళ్ళో కాలు బరువెక్కింది. వేళ్ళ కింద బోల్టు కదిలింది. చాలా నెమ్మదిగా... చాలా మృదువుగా... పాదం బయటికి తిరగసాగింది. ఆమె రెండు చేతులతో పట్టుకుని లోపలికి తిప్పింది. అవతలి చెయ్యి లాగలేదు, గుంజలేదు. పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత ఓర్పుగా మళ్ళీ బయటికి తిప్పింది. ఆ ఓర్పే ఆమెని మండించింది.

"వదులు నాన్నా" అంది గొంతు తగ్గించి.

తైలం వాసన మొహానికి దగ్గరగా వచ్చింది.

"నువ్వు మంచివాడివే. ఎవరు కాదన్నారు? కానీ ఇది తప్పు. వదులు."

చెవి పక్కనే, ఊపిరి లేని గొంతు...

"నడుస్తున్నారు కదా... అమ్మలూ..."

"నొప్పితో నడుస్తున్నారు!"

బోల్టు ఆగింది. వాన చప్పుడు కూడా దూరంగా జరిగినట్టయింది. ఆ గొంతులో కోపం లేదు. ఎప్పుడూ వినని మాట విన్నవాడి ఆశ్చర్యం ఉంది.

"నడిస్తే... నొప్పి పుట్టదా మరి?"

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. జీవితమంతా ఈయన నడకంటే నొప్పే అనుకున్నాడు. అందరికీ అంతే అనుకున్నాడు. కాళ్ళు లేనివాళ్ళకి ప్రేమగా కాళ్ళిచ్చి, తన దగ్గరున్న నొప్పి కూడా అంతే ప్రేమగా పంచిపెట్టాడు. ఇంత మంచివాడిని ఏమని తిట్టాలి? ఎవరికి చెప్పుకోవాలి?

"పుట్టదు" అంది పళ్ళు బిగించి. "ఎవరికీ పుట్టదు నాన్నా. నీ ఒక్కడికే."



తర్వాత అరల్లోని అచ్చులు కదిలాయి. ఒకటి... ఇంకొకటి... అన్నీ. చెక్క మీద ప్లాస్టర్ కొట్టుకునే చప్పుడు గది చుట్టూ తిరిగింది. టక్, సర్‌ర్. టక్, సర్‌ర్. ఆమె కాలిని గుండెకి అదుముకుని కళ్ళు మూసుకుంది. ఒళ్ళో పాదం ఒక్కసారిగా తేలికైపోయింది. ఈడ్చే అడుగులు గోడ దాటి వీధి వైపు సాగిపోయాయి.

కళ్ళు తెరిచేసరికి కరెంటు వచ్చింది. అచ్చులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పాదం ఆమె బిగించినట్టే తిన్నగా ఉంది. కాలు చంకన పెట్టుకుని, చెమటతో తడిసిపోయి ముందు గదిలోకి వచ్చింది.

"ఎవరితోనమ్మా మాట్లాడావు?" అన్నాడు మాస్టారు.

"మా నాన్నతో."

మాస్టారు ఆమె మొహం చూసి, నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. "ఒప్పుకున్నారా?"

"తొడుక్కోండి. తెలుస్తుంది."

తొడుక్కున్నాడు. లేచాడు. ఆమె నేల మీద గీసిన గీత మీద ఒక అడుగు వేశాడు, రెండోది వేశాడు. గది చివరిదాకా వెళ్ళి, గోడ పట్టుకుని అటు తిరిగే నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

"మాస్టారూ, నొప్పా?"

"లేదమ్మా" అన్నాడు. "లేదు. అందుకే..."

చంకకర్ర అక్కడే వదిలేసి, వాన వెలిసిన వీధిలోకి తిన్నగా, హాయిగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తూ ఏడాది తర్వాత మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. ఇక ఒక్కొక్కరినీ పిలిచి అందరివీ సరిచేస్తుంది. ఊరు ఏమైనా అనుకోనీ.

వెనక ఎవరో లోపలికి వచ్చారు. బాబాయి, దొడ్డి గుమ్మంలోంచి. ఒక అడుగు వేసి, రెండోది ఈడుస్తున్నాడు.

"కాలికేమైంది బాబాయ్?"

"ఏమైందీ? బానే ఉందిగా" అన్నాడాయన, తన రెండు సొంత కాళ్ళ వంకా చూసుకుని. పాదం బయటికి తిరిగి ఉంది.

ఆమె వీధిలోకి తిరిగింది. బడి వదిలారు. పిల్లలు గుంపుగా వస్తున్నారు. ఎప్పుడూ నీటి గుంటల్లో గెంతుతూ వచ్చే పిల్లలు. ఇవాళ ఎవరూ గెంతడం లేదు. ఒక అడుగు వేసి, రెండోది ఈడుస్తూ, అందరూ ఒకేసారి... గాలిలో తైలం వాసన.

గుంపులో అందరికన్నా చిన్నపిల్ల అంగడి మెట్టు మీద కూలబడి, తుంటి మీద చెయ్యి పెట్టుకుని ఏడవబోయింది. అక్క వంగి, దాని చెయ్యి పట్టుకుని, ఎంతో ఓర్పుగా లేపింది.

"నడకంటే అంతేనే" అంది. "అలవాటైపోతుంది."