మాటకి ముందు ఊపిరి

"మీ ఊపిరి ఒకటి నా దగ్గరుందండి. దానికి మీ సంతకం కావాలి."

లాంచీల రేవులో అనౌన్స్‌మెంట్లు చదివే అమ్మాయి, తింటున్న అరటిపండు సగంలో ఆపి, అద్దాల కిటికీ అవతల నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి చూసింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక కాగితం, భుజాన చెవి మిషన్ల షాపు పేరున్న సంచీ. పిచ్చివాడిలా లేడు. అందుకే ఇంకా భయమేసింది.

"కంప్లైంట్లు పక్క కిటికీలో," అంది.

"కంప్లైంట్ కాదండి. పాట."

"రేవులో పాటలు పాడకూడదు. బోర్డుంది చూడండి."

అతను తిరిగి చూశాడు. బోర్డు నిజంగానే ఉంది. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా శ్రద్ధగా చదివి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. అతను అన్ని పనులూ ఇలాగే చేస్తాడు. వాళ్లక్క జుట్టు పీక్కోవడానికి కారణం కూడా ఇదే.

అతని పని అవతలి ఒడ్డున షాపులో పెద్దవాళ్లకి చెవి మిషన్లు అమర్చడం. వాళ్లంతా అతన్ని చెవి డాక్టరు అంటారు. కాదని చెప్తే వాళ్లకి వినపడదు. సాయంత్రాలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాడు. మూడేళ్లు కష్టపడితే, ఇది బయటికి పంపొచ్చు అని తనకే నమ్మకం కలిగిన పాట ఒక్కటి తయారైంది.

పాట తయారైనంత మాత్రాన లోకానికి వినపడదు. ఫోన్లలో పాటలు వినిపించే యాప్‌లన్నిటికీ దాన్ని చేరవేసే డిస్ట్రిబ్యూషన్ కంపెనీలు వేరే ఉంటాయి. అతను మూడింటిని ఏరి, పట్టిక గీసి, ఫ్రిజ్ తలుపుకి అతికించాడు. మొదటిదానికి ఏటా చందా కట్టాలి, కట్టడం మానేస్తే పాట మాయమవుతుంది. రెండోది చందా అడగదు, రెండు రోజుల్లో పాట ఎక్కించేస్తుంది, కానీ ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పే దిక్కుండదు. మూడోది నెల పడుతుంది. అక్కడ మనుషులు కూర్చుని పాట విని, ఫారం చదివి, ప్రశ్నలేస్తారు.

"పెళ్లి సంబంధాలైనా ఇన్నిసార్లు తిరగేసి చూడర్రా," అంది వాళ్లక్క, పాలు తీసుకోడానికి పట్టిక పక్కకి తొలగిస్తూ.

"మాలాంటి వాళ్లకి మనిషి ఉండాలక్కా. ఒకే డ్రమ్ము శబ్దం వందమంది వాడతారు. ఇది వేరేవాడి పాటే అని మిషన్ పట్టేసుకుంటే, కాదని ఎవరికి చెప్పుకోను?"

అలా మూడో కంపెనీ మీదే మనసు నిలిచింది. అయితే వాళ్ల ఫారంలో ఒక ప్రశ్న ఉంది. పాటలో వేరేవాళ్ల గొంతు ఉందా, ఉంటే వాళ్ల సంతకం పంపండి. మిగతా రెండూ ఇంత దూరం వెళ్లవు. హక్కులన్నీ నావే అనే గడిలో టిక్ పెడితే చాలు.

అతని పాటలో గొంతు లేదు, ఊపిరి ఉంది. రోజూ పొద్దున ఎక్కే లాంచీ కోసం ఎదురుచూస్తూ ఫోన్లో రేవు శబ్దాలు రికార్డు చేసేవాడు. స్పీకర్లో మాట మొదలయ్యే ముందు చిన్న ఊపిరి వినపడేది. దాన్ని కత్తిరించి తాళంలో నాలుగో దెబ్బ దగ్గర పెడితే పాట మొత్తానికి ప్రాణం వచ్చింది.

"ఊపిరికి కూడా సంతకమా? ఎవడు పట్టుకుంటాడురా?" అంది అక్క.

"ఎవరూ పట్టుకోరు. కానీ అది ఆవిడది కదా."

ఇదంతా అతను కిటికీ దగ్గర విడమర్చి చెప్పేసరికి, అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఊపిరి అంత బాగా వినపడుతోందా?"

"చాలా బాగా వినపడుతుందండి."

అది మెచ్చుకోలు అనుకున్నాడు పాపం. ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి అద్దానికి ఆనించింది. రేవు సూపరింటెండెంట్ ఇచ్చిన మెమో. మైకులో ఊపిరి చప్పుడు వస్తోంది, సరిచేసుకోవలెను.

"వచ్చే నెల అనౌన్స్‌మెంట్లన్నీ ఒకేసారి రికార్డు చేసేస్తారు. గొంతుకి టెస్టుంది. పాసైతే ఆ రికార్డులు వేస్తూ ఈ గదిలోనే ఉంటాను, లేకపోతే టికెట్ల కౌంటర్‌కి పంపేస్తారు. మూడు వారాల నుంచి ఊపిరి బిగబట్టి చదవడం నేర్చుకుంటున్నాను. మీరేమో దాన్ని ఊరందరికీ వినిపిస్తానంటున్నారు."

అతనికి విషయం అర్థమైంది.

"కుదరదండి," అందామె.

"సరేనండి," అని కాగితం మడిచాడు.

"అంతేనా? బతిమాలరా?"

"మీ ఊపిరి కదండీ," అని లాంచీ వైపు నడిచాడు. ఆమె అతను లాంచీ ఎక్కేదాకా చూసింది. కాస్త బతిమాలి ఉంటే బాగుండేదని ఎందుకనిపించిందో ఆమెకే తెలియలేదు.

ఇంటికెళ్లి తన ఊపిరి పెట్టి చూసుకున్నాడు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది. అక్క ఊపిరి పెట్టి చూశాడు. మేడమెట్లు ఎక్కొచ్చినట్టుంది. పాటని ఒక ఫోల్డర్లో పడేసి, "దాన్ని వదిలేశానక్కా," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అతను అలాంటివి చెప్పడు.

అక్క దాన్ని మామూలు నాన్చుడే అనుకుంది. ఆవిడ ట్రావెల్ ఆఫీసులో వీసా ఫారాలు నింపుతుంది. ఖాళీ గడి కనపడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఆదివారం తమ్ముడు బట్టలు ఆరేస్తుండగా కంప్యూటర్ తెరిచి, రెండో కంపెనీలో పాట ఎక్కించి, కనపడిన ప్రతి గడిలోనూ టిక్ పెట్టేసింది.

శుక్రవారం రేవు క్యాంటీన్లో అనౌన్స్‌మెంట్ అమ్మాయి భోజనం చేస్తోంది. క్యాంటీన్ ఆయన ఫోన్లో ఆ వారం కొత్త పాటల లిస్టు పెట్టాడు. డ్రమ్ముల మధ్య తన ఊపిరి వినపడింది. ముద్ద గొంతుకి అడ్డం పడింది.

మర్నాడు పొద్దున, లాంచీ కోసం నిలబడ్డ జనానికి స్పీకర్లో ఇలా వినపడింది.

"చెవి మిషన్ల షాపు వారు వెంటనే అనౌన్స్‌మెంట్ గదికి రావలెను. మళ్లీ చెప్తున్నాను. వెంటనే."

అతను పరుగెత్తుకొచ్చాడు. ఆమె ఫోన్లో పాట పెట్టి అతని ముందు పెట్టింది.

"సరేనండీ అంటే అర్థం ఇదా?"

అతను వెంటనే అక్కకి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశాడు.

"అక్కా, పాట నువ్వు పంపావా?"

"ఇప్పుడా చూడడం? థాంక్స్ తర్వాత చెబుదువుగాని. ఈ వారం కొత్త పాటల లిస్టులో పెట్టారు తెలుసా?"

"హక్కులన్నీ నావే అన్నచోట టిక్ పెట్టావా?"

"అన్నిచోట్లా పెట్టాను. ఒక్కటి వదిలినా ఫారం ముందుకెళ్లదు కదరా."

"తీసేస్తున్నాను."

"నీకేమైనా మతిపోయిందా? ఇప్పుడు తీస్తే ఆ లిస్టులోంచి పోతుంది. మళ్లీ నీ మొహం ఎవరూ చూడరు."

"తెలుసక్కా."

ఫోన్ పెట్టేసి, కంపెనీ పేజీ తెరిచి, పాట ఉపసంహరించు అని ఉన్నచోట నొక్కాడు. నిజంగానా అని అది మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అవునన్నాడు. ఏడుపొచ్చింది కానీ, కిటికీ ముందు ఏడవలేదు.

"పూర్తిగా పోవడానికి రెండు రోజులు పడుతుందండి. ఆ రెండు రోజులకీ క్షమించండి," అన్నాడు.

ఆమె రాత్రంతా కూడబెట్టుకున్న తిట్లు వాడే అవకాశం లేకుండా పోయింది. ఇంత తొందరగా లొంగిపోయే మనిషితో గొడవపడడం ఎవరివల్లా కాదు.

"క్యాంటీన్ గోలలో సరిగ్గా వినలేదు. మొత్తం వినిపిస్తారా?" అంది.

అతను సంచిలోంచి హెడ్‌ఫోన్స్ తీసిచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మిషన్ల శబ్దాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వాటి మధ్య ఎవరో ఏదో మంచి మాట చెప్పబోతున్నట్టు ఒక ఊపిరి. ఇన్నాళ్లూ తప్పనుకుని దాచుకున్నది ఇదేనా అనుకుంది.

"ఇది మెమో ఇచ్చేంత చెడ్డగా లేదే," అంది.

"మీరు లోపల కూర్చుంటారు కాబట్టి మీకు తెలియదండి. మీరు ఊపిరి తీసుకోగానే జనం సంచులు అందుకుంటారు. మాట తర్వాతే వస్తుంది. నేను రోజూ చూస్తున్నాను."

తర్వాతి లాంచీకి ఆమె కాగితం చూడకుండా కిటికీలోంచి జనాన్ని చూస్తూ మైకు నొక్కి, ఊపిరి తీసుకుంది. బెంచీల మీద కూర్చున్న వరస మొత్తం సంచులు అందుకుంది. నిద్రపోతున్న పెద్దాయన కూడా లేచాడు. ఆమెకి నవ్వొచ్చి లాంచీ నంబరు తప్పు చదివింది.

అప్పట్నుంచి చెవి డాక్టరు రోజూ పావుగంట ముందే రేవుకి రాసాగాడు. వానపడే రోజుల్లో అరగంట ముందు. కిటికీ పైన రేకు ఒక మనిషికి సరిపోయేంతే ఉండేది. అతని ఎడమ భుజం ఎప్పుడూ తడిసేది.

"లోపలికి రావచ్చుగా?"

"సిబ్బందికి మాత్రమే అని బోర్డుందండి."

"మీరు చదవని బోర్డు ఉందా ఈ రేవులో?"

"వెనకవైపు ఒకటుంది. రంగు పోయింది."

టెస్టు రోజు ఆమె ఊపిరి బిగబట్టలేదు. చదివే ముందు, ఒక్కసారి బయట జనాన్ని చూడమని సూపరింటెండెంట్‌ని బతిమాలింది. ఆయన అయిష్టంగా కిటికీ దగ్గర నిలబడి చూశాడు. ఆమె మైకులో ఊపిరి తీసుకోగానే సంచులన్నీ లేచాయి. రికార్డింగ్ ఇంజనీర్ ఊపిరిని కత్తిరించేస్తానంటే, "వద్దు, అది ఉండాలని మొదట్నుంచీ నేనే చెప్తున్నాను," అన్నాడు సూపరింటెండెంట్. గది ఆమెకి దక్కింది.

మర్నాడు ఆమే అడిగింది.

"ఆ ఫారం ఉందా ఇంకా?"

ఉంది. సంచి అడుగున నలిగిపోయి ఉంది. గొంతు ఎవరిదో వాళ్లే నింపి నేరుగా పంపాలన్నది ఆ మూడో కంపెనీ పద్ధతి. ఆమె నింపి, సంతకం పెట్టి, అతనికి చూపించకుండా పంపించేసింది.

"ఏం రాశారు?"

"అడిగినవే రాశాను."

ఆ సాయంత్రమే అతను పాటని కూడా ఆ కంపెనీకి పంపాడు. పన్నెండో రోజు అతనికి జవాబు వచ్చింది. అప్పుడు లాంచీ నది మధ్యలో ఉంది.

'మీ పాట విన్నాం, మాకు నచ్చింది. ఫారం విషయంలో ఒక సందేహం. ఐదో ప్రశ్న, సంగీతకారుడు మీకు ఏమవుతారు? దానికి ఆవిడ "ఇంకా ఏమీ కారు, అడిగితే చెప్తాను" అని రాశారు. మాకు అర్థం కాలేదు. దయచేసి మీరిద్దరూ మాట్లాడుకుని స్పష్టంగా రాసి పంపండి. అంతవరకు పాట ఆపి ఉంచుతున్నాం.'

మనుషులు చదివే కంపెనీని ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది. అతను ఆ జవాబుని నాలుగుసార్లు చదివాడు. లాంచీ అవతలి ఒడ్డు చేరగానే దిగకుండా, అదే లాంచీలో వెనక్కి వచ్చాడు. జీవితంలో మొదటిసారి షాపు ఆలస్యంగా తెరిచాడు.

ఆమె కిటికీ తలుపు తీసే ఉంది.

"ఐదో ప్రశ్న స్పష్టంగా లేదటండి."

"అవునా? నాకు స్పష్టంగానే ఉంది."

"అడిగితే చెప్తానన్నారు."

"అవును."

అతను చెప్పాల్సింది లాంచీలో నేర్చుకున్నాడు. ఒక్క ముక్క గుర్తులేదు.

"నాకు మీరంటే ఇష్టమండి. మీ ఊపిరి విన్నప్పుడు మీరెవరో కూడా తెలియదు. ఇప్పుడు మీ గురించి అన్నీ తెలియాలనిపిస్తోంది. ఏ పనికైనా నెల్లాళ్లు ఆలోచిస్తాను. దీనికి ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

వెనకాల ఎవరో టికెట్ కౌంటర్ ఎక్కడని అడిగారు. ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె పెన్ను తీసి, ముందే సొరుగులో తెచ్చి పెట్టుకున్న కొత్త ఫారంలో ఐదో ప్రశ్న దగ్గర గుండ్రటి అక్షరాలతో 'కాబోయే భర్త' అని రాసి, కాగితం అతని వైపు తిప్పింది.

"స్పష్టంగా ఉందా?"

"ఉందండి."

"ఇంకా అండీ ఏమిటి?"

అతను కాసేపు తంటాలు పడ్డాడు.

"ఉంది," అన్నాడు.