అయినట్టే

పెద్ద వరద వచ్చిన ఏడాది అది. నీళ్ళు మా గడప అంచు దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని కాసేపు ఆలోచించి, వెనక్కి పోయాయి.

నేను వడ్రంగిని. కింద ఇల్లు, పైన పని చేసుకునే షెడ్డు. మా అమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. ఆ పనేమిటో నాకు చాలాకాలం తెలియలేదు. ఒకసారి అడిగితే, "నలుగురి చేత పని చేయించడం నాన్నా" అంది. మేస్త్రీ అన్నమాట అనుకుని ఊరుకున్నాను.

వాళ్ళ ఆఫీసు కింది అంతస్తు మునిగిపోయింది. బురద తీసి, గోడలు ఆరి, మళ్ళీ కుర్చీలు వేసే వరకు ఎవరి చోటు వాళ్ళే చూసుకోమన్నారట. మా షెడ్డులో రంపం మిషన్ కోసం పెట్టిన జనరేటర్ ఉంది.

"నాన్నా, షెడ్డులో సగం మాకిస్తావా?"

"దుమ్ము" అన్నాను.

"ఫర్వాలేదు."

ఇచ్చాను.

మొదటి రోజు అందరికన్నా ముందు ఒక కుర్రాడు వచ్చాడు. వాన కురుస్తూనే ఉంది. కంప్యూటర్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పసిపిల్లలా గుండెకి హత్తుకుని తెచ్చాడు. దాని మీద చుక్క నీరు లేదు. అతని మీద పొడి చోటు లేదు.

కిటికీ దగ్గర కొత్త టేబుల్ ఉంది. ముందురోజే పాలిష్ కొట్టాను.

"బాబాయ్, ఇది ఎండిందా?" అన్నాడు.

"ఎండినట్టే" అన్నాను.

కంప్యూటర్‌ని పక్క స్టూలు మీద జాగ్రత్తగా పెట్టి, తను టేబుల్ మీద కూర్చున్నాడు.

కాసేపటికి మా అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. కుర్రాడు లేవబోయాడు. లేవలేదు.

"ఎవరు నువ్వు?"

"మీ టీంలోకి కొత్తగా వేశారండీ. ఇంజనీర్‌ని."

"లేచి మాట్లాడొచ్చు కదా?"

"ఆ ప్రయత్నంలోనే ఉన్నానండీ."

మా అమ్మాయి టేబుల్‌ని చూసింది, నన్ను చూసింది.

"బాబాయ్ ఎండినట్టే అన్నారండీ" అన్నాడు.

"ఎండినట్టే అంటే ఎండలేదని. ఆ మాత్రం తెలీదా?"

"నేను ఆ మాట అంటే చాలావరకు ఎండిందనే అర్థమండీ."

గట్టిగా లాగితే చర్రుమని ఊడి వచ్చాడు. ప్యాంటు వెనక సగం టేబుల్ దగ్గరే ఉండిపోయింది. మా ఆవిడ నా లుంగీ తెచ్చి ఇచ్చింది. మొదటి రోజు ఉద్యోగం నా లుంగీలో చేశాడు. టేబుల్ మీద మటుకు అతను కూర్చున్న గుర్తు అలాగే నిలిచిపోయింది. టేబుల్ చేయించుకున్నవాళ్ళు అది చూసి వద్దన్నారు. మళ్ళీ పాలిష్ కొట్టమని మా ఆవిడ రోజూ అనేది. "కొట్టినట్టే" అనేవాణ్ణి.

వాళ్ళు రోజూ పొద్దున్నే ఒకచోట చేరి నిలబడి మాట్లాడుకునేవారు. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని.

"కుర్చీలు చేసే ఇంట్లో నిలబడతారేమిటే?" అంది మా ఆవిడ.

"కూర్చుంటే మీటింగ్ సాగుతుందమ్మా" అంది అమ్మాయి.

నా గోడ మీద రంగు కాగితం ముక్కలు అంటించారు. చెయ్యాల్సినవి ఒక వరసలో, చేస్తున్నవి ఒక వరసలో, అయినవి ఒక వరసలో. పని నడిచేకొద్దీ ముక్కని పక్క వరసలోకి జరపాలి. వాళ్ళు చేస్తున్నది ఒక బస్సుల కంపెనీకి టికెట్లు అమ్మే ప్రోగ్రాం.

ఆ కుర్రాడు కాక టీంలో ఇంకో అమ్మాయి ఉండేది. వీళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం ఆ పిల్ల ఉద్యోగం. టెస్టర్ అంటారట. ఆ పిల్ల నోరు కూడా అదే ఉద్యోగంలో ఉండేది.

"సీట్ల పని అయిందా?" అని అడిగింది మా అమ్మాయి.

"అయినట్టేనండీ" అన్నాడు కుర్రాడు.

"అయిందా, అయినట్టేనా?"

"అయినట్టే."

"ఇక్కడ ఆ మాట వద్దు. అయింది, లేకపోతే కాలేదు. రెండే."

"మధ్యలో ఉన్నదాన్ని ఏమనాలండీ?"

"కాలేదనాలి."

"అలా అంటే చేసిందంతా ఏట్లో కలిసినట్టు ఉంటుందండీ."

అతని కాగితం ముక్కలు చేస్తున్న వరసలో ఉండేవి కావు, అయిన వరసలో ఉండేవి కావు. రెండింటికీ మధ్య గీత మీద అంటించేవాడు.

"ఇవాళ్టి నుంచి నీ పేరు నట్టే" అంది టెస్టర్ పిల్ల. మా ఆవిడ నోట్లో అది నట్టు అయింది. ఆ తర్వాత అందరికీ నట్టే... కాదు, నట్టు.

మా అమ్మాయి రోజుకో పూట అతన్ని కోప్పడేది. ఒకనాడు ఎప్పుడూ లేనిది పూల చీర కట్టుకుని మరీ వచ్చి కోప్పడింది. వాన మొదలైతే కిటికీ వేయడానికి ఇద్దరూ ఒకేసారి లేచేవారు. ఎవరూ వేసేవారు కాదు. జల్లు నా చెక్కల మీద పడేది. నేనే లేచి వేసేవాణ్ణి.

ఒకరోజు టీ తాగుతున్నారు.

"నట్టూ, నాకో సందేహం" అంది టెస్టర్ పిల్ల. "మేడం వాళ్ళ నాన్నగారిని నువ్వు బాబాయ్ అంటావు. అంటే మేడం నీకు అక్కా, చెల్లెలా?"

నట్టు చేతిలో కప్పు నోటి దాకా వచ్చి ఆగింది. మా అమ్మాయి తలెత్తకుండా కంప్యూటర్‌లోకి చూస్తూ ఉంది. అంతకు కాసేపటి ముందే దాన్ని కట్టేసింది.

మర్నాటి నుంచి అతను నన్ను బాబాయ్ అనడం మానేశాడు. "ఏమండీ" అన్నాడు. "ఇదిగోనండీ" అన్నాడు. ఏదీ కుదరక ఒకసారి "సార్" అన్నాడు. నేను మూడో తరగతి దాటలేదు. ఎవరిని పిలిచాడా అని వెనక్కి తిరిగి చూశాను.

"కుర్రాడికి నా మీద కోపం వచ్చినట్టుంది" అన్నాను మా ఆవిడతో.

"మీకు చెక్క తప్ప ఇంకేమీ అర్థం కాదు" అంది.

వాన వెలిసే రోజుల్లో కొత్త సాధనం ఒకటి వచ్చింది. ఏం కావాలో చెప్తే చాలు, ప్రోగ్రాం అదే రాస్తుందట. అందరూ దాన్ని మిషన్ అనేవారు. "కిందటి నెల కష్టపడి నేర్చుకున్నది ఈ నెల పాతబడిపోయింది" అని టెస్టర్ పిల్ల మొత్తుకుంది. అది రాయడం నేనూ చూశాను. గుక్క తిప్పుకోకుండా రాసింది. రాశాక అడక్కుండానే చెప్పింది, మొత్తం పని పూర్తయింది అని.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి సరిగ్గా తినలేదు.

"సగం మిషన్‌కీ సగం నట్టుకీ ఇచ్చి చూడమన్నారు. మిషన్ చాలనుకుంటే అతన్ని వేరే ఊరి ఆఫీసుకి పంపేస్తారు. నెలాఖరుకి నేనే చెప్పాలి."

"ఉంచు" అంది మా ఆవిడ.

"ఎందుకు ఉంచాలో రాయమంటారమ్మా. ఏం రాయను, బాగుంటాడనా?"

"బాగుంటాడా?"

అమ్మాయి నీళ్ళు తాగింది. తర్వాత అంది. "ఇష్టమైనవాళ్ళని అట్టే పెట్టుకోవడానికి అది ఇల్లు కాదమ్మా, ఆఫీసు."

"ఇల్లే" అన్నాను. ఏం చేస్తాం, షెడ్డు నాదే కదా.

అమ్మాయికి నవ్వు రాలేదు. అతను ఉండాలని తనకి ఉంది. ఉంది కాబట్టే ఉంచమని చెప్పడానికి నోరు రావడం లేదు. అంతవరకు నాకూ అర్థమైంది.

నెలాఖరు దగ్గర పడింది. మిషన్ చేసిన ముక్కలన్నీ అయిన వరసలో ఉన్నాయి. నట్టువి గీత మీద ఉన్నాయి. మా అమ్మాయి గోడ ముందు నిలబడి అతన్ని పిలిచింది.

"ఇందులో ఒక్కటైనా అయింది అను. నేను ఏదో ఒకటి చూపించాలి కదా."

"అనలేనండీ."

"ఏం మిగిలింది?"

"పెద్ద బస్సు చెడిపోయి చిన్న బస్సు వేస్తే ఏమవుతుందో చూడలేదండీ. అప్పటికే అమ్మేసిన సీట్లు ఏం కావాలి?"

"బస్సుల వాళ్ళు అది అడగలేదు."

"అడగలేదండీ. కానీ వరదకి రోడ్లు తెగాక రోజూ చిన్న బస్సులే వేస్తున్నారు. నేను వచ్చేది అందులోనే. నిలబడే వస్తున్నాను."

"మిషన్ అయిందంటోంది."

"దానికి వేరే మాట రాదేమోనండీ."

మా అమ్మాయి గీత మీది ముక్కల వైపు చూసింది. అతను అయినట్టే అన్నప్పుడల్లా తప్పించుకుంటున్నాడనే అనుకుంది. ఇంకా ఏం మిగిలిందని ఇంతకు ముందెప్పుడూ అడగలేదు. అది తన మొహంలో కనబడింది. టెస్టర్ పిల్లని పిలిచి, మిషన్ రాసిన సగంలో బస్సు మార్చి చూడమంది.

ఆ పిల్ల చూసింది. చూసి, సంబరంగా కుర్చీ తిప్పింది.

"మేడం, లేని సీటు అమ్మింది. ముగ్గురికి అమ్మింది. శుభ ప్రయాణం అని కూడా రాసింది."

మా అమ్మాయి పైవాళ్ళకి రాసింది. మిషన్ బాగా రాస్తుంది, దాన్ని వాడుకుందాం, కానీ ఇంకా ఏం మిగిలిందో చెప్పే మనిషి కావాలి అని. వాళ్ళు చాలా అడిగారట. రెండు రోజులు ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. చివరికి సరే అన్నారు.

మర్నాడు పొద్దున్నే నిలబడి ఆ సంగతి చెప్పింది. చెప్తూ నట్టు వైపు చూడకుండా గోడ వైపు చూసింది.

"థాంక్సండీ" అన్నాడు నట్టు. "కానీ నన్ను వేరే టీంలోకి మార్చమని నిన్ననే అడిగానండీ."

నేను రంపం మిషన్ ఆపాను.

"ఎందుకు?" అంది అమ్మాయి.

"మారాక చెప్తానండీ."

"అక్కర్లేదు. వెళ్ళు."

మెట్లు దిగి కిందికి పోయింది. మా ఆవిడ ఏమైందని అడిగితే తలనొప్పి అందట.

సాయంత్రం వాన పట్టుకుంది. కంప్యూటర్ కట్టేయడానికి అమ్మాయి పైకి వచ్చింది. నట్టు ఇంకా వెళ్ళలేదు. టెస్టర్ పిల్ల గొడుగు లేదని కూర్చుంది. గొడుగు ఆ పిల్ల సంచిలోంచి కనబడుతూనే ఉంది.

"నువ్వు ఉండడానికి నేను ఎంతమందితో మాటలు పడ్డానో తెలుసా?" అంది అమ్మాయి.

"తెలుసండీ."

"తెలిసి వేరే ఊరు పోతావా?"

"ఊరు కాదండీ. మన ఆఫీసులోనే పై అంతస్తు. మీ కింద పని చేస్తూ మిమ్మల్ని అడగకూడని మాట ఒకటి ఉంది. అడిగితే మీరు నన్ను ఎందుకు ఉంచారో జనం వేరేగా అనుకుంటారు. మీకు మాట వస్తుంది."

"ఏం మాట?"

"మీరంటే నాకు..." అని ఆగాడు.

"ఇష్టమైనట్టే అన్నావో, కిటికీలోంచి తోసేస్తాను" అంది టెస్టర్ పిల్ల.

"ఇష్టం" అన్నాడు నట్టు. "ఇందులో చూడాల్సింది ఏమీ మిగల్లేదండీ. నా వైపు అయింది."

ఆ మాట అతని నోట మేం వినడం అదే మొదటిసారి. వాన రేకుల మీద పడుతోంది. ఎవరూ కిటికీ వేయలేదు. నేనూ వేయలేదు.

మా అమ్మాయి కంప్యూటర్ కట్టేసింది. "టీం మారడం అయిందా?"

"అయినట్టేనం..."

"అయ్యాక రా."

కోపంగానే అంది. కానీ మెట్లు దిగేటప్పుడు తల వంచుకుని నవ్వుకోవడం నాకు కనబడింది. మెట్లకి కటకటాలు చేసింది నేనే, సందుల్లోంచి అన్నీ కనబడతాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను రాలేదు. మా అమ్మాయి వాన వస్తే చాలు, కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఫోన్ మోగితే పక్క గదిలోకి వెళ్ళేది. వచ్చాక "ఆఫీసు ఫోన్" అనేది.

ఒక సాయంత్రం నట్టు వచ్చాడు. ఈసారి గొడుగు ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అయింది" అన్నాడు అమ్మాయితో.

"పూర్తిగా?"

"పూర్తిగా. ఇవాళ అక్కడే పని చేసి వస్తున్నా."

"అయితే మా నాన్నని అడుగు" అంది. తలుపు వెనక్కి పోయింది గాని, లోపలికి పోలేదు. వేలికొసలు తలుపు అంచున కనబడుతూనే ఉన్నాయి.

నట్టు నా వైపు తిరిగాడు. ఏమండీ అనలేదు, సార్ అనలేదు.

"మామయ్యగారూ" అన్నాడు.

ఆ తర్వాత చాలా చెప్పాడు. వాళ్ళ అమ్మానాన్నల గురించి, జీతం గురించి, రేపు ఏ కొత్త మిషన్ వచ్చినా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటానని. నేను మొదటి మాట దగ్గరే ఉండిపోయాను. మిగతావి సరిగ్గా వినలేదు.

"ఏమంటారు?" అంది మా ఆవిడ. "ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నాను" అన్నాను.

మర్నాడు పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళి టేబుల్‌ని వెలుతురులోకి లాగాను. వేరే కాపురం పెట్టాక ఇద్దరికీ కూర్చుని పని చేసుకోవడానికి ఒకటి కావాలి. గరుకు కాగితం తీసి నున్నగా రుద్దాను. గుర్తు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దాన్ని వదిలేసి చుట్టూ రుద్దాను. దుమ్ము తుడిచి, అన్నింటి మీదుగా కొత్త పాలిష్ కొట్టాను. పాలిష్ కింద ఆ గుర్తు ఇంకా బాగా తేలింది.

మెట్ల మీద చప్పుడైంది. నట్టు. మా అమ్మాయిని ఆఫీసుకి తీసుకెళ్ళడానికి వచ్చాడట. టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మామయ్యగారూ, ఎండిందా?"

"ఎండలేదు" అన్నాను.

నిలబడే ఉన్నాడు.