ఎత్తని ఆకులు

"మా తాత ఊపిరి బిగబట్టి కాంభోజి పైకి తీసుకుపోతా ఉంటే నడిమధ్యలో కట్ చేసినారే. మీకు సంగీతం మీద ఏం కోపం?"

కమలిని హరినాథ్‌తో అన్న మొదటి మాట అది. అలిపిరి దగ్గర అద్దెగదిలో అతను నడిపే ఇంటర్నెట్ రేడియోలో పగలూ రాత్రీ నాదస్వరమే. ధ్వనిని కుదించి పాడుచేయకుండా, వాయించింది వాయించినట్టే లాస్‌లెస్‌గా పంపాలని అతని పట్టుదల. ఆమె తాత దేవరాజులు కార్వేటినగరంలో పేరున్న విద్వాంసుడు. ఆయన్ని వెంటబెట్టుకుని మరీ దెబ్బలాటకు వచ్చింది.

"నేను కట్ చేయలేదండీ. సర్వర్ పడిపోయినాది. మెమరీ లీకు."

"లీకంటే? వానొస్తే కారతాదా?"

"పెళ్లిలో బంతి లేచినాక ఆకులు ఎత్తకపోతే తరవాతి బంతికి చోటుండదు కదా. నా సాఫ్ట్‌వేర్‌లో యాడనో ఆకులు ఎత్తడం లేదు. అందుకే ఈ శ్రోతల అంకె సూస్తా కూర్చునుండా."

ఆమె నవ్వింది. ఆ తర్వాత ఆ పూటకి హరినాథ్ బుర్రకు ఇంకేమీ ఎక్కలేదు.

దేవరాజులు నవ్వలేదు. "శుక్రవారం ఈడికే వచ్చి లైవ్‌లో వాయిస్తానప్పా. ఇంకోతూరి తెగిందంటే మీ రేడియో మొగం సూడను."

మనవరాలు కూడా చూడదని హరినాథ్ విడిగా అర్థం చేసుకున్నాడు.

అప్పటినుంచి జబ్బు తగ్గకపోగా ముదిరింది. తనొక్కడే శ్రోతగా పరీక్షిస్తే సర్వర్ గుండ్రాయిలా ఉండేది. జనంలోకి వదిలితే మధ్యాహ్నానికే మెమరీ నిండి కూలబడేది. కోడ్ తిరగేశాడు, సర్వర్ మార్చాడు, చివరికి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడు. కమలిని మెసేజ్‌లు పెట్టేది. "తిన్నారా? లీకు దొరికిందా?" వాటికోసం ఎదురుచూడటం కూడా అతని పనుల్లో చేరిపోయింది.

గురువారం, శ్రోతల రాకపోకలు నమోదయ్యే లాగ్ తెరిచి చూశాడు. కమలిని పేరుతో కనెక్షన్, మరుక్షణం తెగింది. మళ్లీ కనెక్షన్, మళ్లీ తెగింది. రోజూ ఇదే వరస. ఇంత కష్టపడి పంపే సంగీతాన్ని ఆమె ఒక్క క్షణం కూడా భరించలేకపోతోందన్నమాట. మరి తిన్నారా అని అడగడం ఎందుకు? అయోమయం పట్టలేక ఫోన్ చేశాడు.

"మా రేడియో నచ్చలేదని నేరుగా చెప్పుండొచ్చు కదండీ. ఊరికే పెట్టడం, కట్టేయడం ఎందుకు?"



"మిస్డ్ కాల్ అండీ అది."

"రేడియోకా?"

"మా ఇంట్లో అంతే. బస్సెక్కితే ఒకటి, వడమాలపేటలో నేను పాఠం చెప్పే బడి చేరితే ఒకటి. ఇచ్చినామంటే బాగుండామని, తల్చుకున్నామని. మీకు ఫోన్ చేస్తే పని చెడతాదని రేడియోకి ఇచ్చినా. అంకె సూస్తా ఉంటానంటిరి కదా. ఒకటి పెరిగి తగ్గితే నేనేనని తెలుసుకుంటారనుకున్నా. గుర్తొచ్చినప్పుడల్లా ఇచ్చినా."

 హరినాథ్ నోట వచ్చిన మాట ఇది.

"సర్వర్ రోజూ పడిపోతా ఉండాదండీ."

అనేశాక గానీ దాని అర్థం అతనికే తట్టలేదు. వచ్చిన ప్రతి శ్రోతకూ సాఫ్ట్‌వేర్ కొంత సంగీతం ముందే వడ్డించి పెడుతుంది. తినకుండా చటుక్కున లేచిపోయినవాళ్ల ఆకు ఎత్తమని అతను రాయనే లేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కోడ్‌లో ఆ ఒక్క వరుసా చేర్చాడు.

"ఇప్పుడియ్యండి."

"ఎన్ని?"

"మీ ఇష్టం."

అంకె పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. మెమరీ మాత్రం ప్రతిసారీ బుద్ధిగా కిందికి దిగింది. చాలని చెప్పడం అతను మరిచిపోయాడు.

శుక్రవారం దేవరాజులు కాంభోజి చివరి స్వరం దాకా తెగలేదు. హరినాథ్ మైకు కట్టేసి ఊపిరి పీల్చుకుంటుంటే తెరమీద అంకె ఒకటి పెరిగి తగ్గింది. పక్కనే కూర్చున్న కమలిని ఫోన్‌ను చున్నీ కింద దాచింది.

"ఈడనే ఉండారు కదా. ఇంకా ఎందుకు?"

"ఇన్ని ఇస్తే ఒక్కదానికన్నా మీరు తిరిగి చేసినారా?"

"చేస్తే చెప్పేస్తానని భయం."

"ఏమని?"

"మీరంటే ఇష్టమని."

ఆమె తల వంచుకుంది. నాదస్వరాన్ని గుడ్డలో చుడుతున్న దేవరాజులు అప్పటికి తలెత్తాడు.

"మీ నాయనను ఒకతూరి రమ్మనప్పా, మాట్లాడల్ల. గట్టిమేళం నేనే వాయిస్తాను. ఆకులెత్తే మనుషులను మాత్రం నువ్వు ముందే సూసి పెట్టుకో."