కొత్త చేపకు మంచినీళ్ళు

మధ్యాహ్నం గంట కొట్టీ కొట్టగానే రాహేలు సైన్సు గదిలోకి పరిగెత్తింది. క్యారియర్ బల్లమీద పెట్టి, సైకిల్ పంపు అందుకుంది. ఒక్కసారి గాలి కొట్టి, ఆగిపోయింది.

గాజు తొట్టిలో ఒక పసుపు చేప రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. దాని వెనకే ఇంకోటి. మూడోది మూలకి చేరి, నోరు తెరిచి మూస్తూ ఎగపోస్తోంది.

"హమీదా! ఇటు రావే తొందరగా!"

హమీదా వచ్చి గాజుకు ముఖం ఆనించింది. "అయ్యో, వీటికి ఏమైందే?"

ఏమైందో రాహేలుకి తెలియదుగానీ, ఎవరివల్ల అయిందో మాత్రం తెలుస్తున్నట్టే ఉంది.

నరసరావుపేటకి సముద్రం లేదు. అయినా ఆ బడిలో గోపాలకృష్ణయ్య మాస్టారి తొట్టినిండా సముద్రపు నీళ్ళే. అదో పిచ్చి ఆయనకి. ఆయన బావమరిది విశాఖపట్నం రేవులో పనిచేస్తాడు. వచ్చినప్పుడల్లా పెద్ద పెద్ద గాజు జాడీల్లో సముద్రపు నీళ్ళు, చిన్న చిన్న చేపలు పట్టుకొస్తాడు. రైల్లో దారిపొడుగునా ఆ నీళ్ళలోకి పంపుతో గాలి కొడుతూనే ఉంటాడట. పక్కన కూర్చున్నవాళ్ళు ఏమనుకుంటారో పాపం!

బళ్ళో తొట్టి పక్కన ఒక లారీ ట్యూబు ఉంటుంది. దాన్నిండా గాలి కొడితే, సన్నటి రబ్బరు గొట్టంలోంచి నీళ్ళలోకి బుడగలు వస్తాయి. ఆ గాలి కొట్టే పని, రొయ్య ముక్కలు వేసే పని రాహేలుకీ హమీదాకీ అప్పజెప్పారు మాస్టారు. ఇద్దరూ ఫస్ట్ ఫారం. అంటే ఇప్పటి ఆరో తరగతి. ఆ పని దొరికినందుకు వాళ్ళు కాలు నేలమీద ఆనకుండా తిరిగేవాళ్ళు.

పదిరోజుల కిందట బావమరిది ఒక కొత్త చేపని తెచ్చాడు. అదే రోజు మాస్టారు ట్రైనింగుకని గుంటూరు వెళ్ళాలి. బస్సు టైమైపోతోంది. ఆయన కొత్త చేపని వేరే పింగాణీ బేసిన్‌లో వేసి, సంచి భుజాన తగిలించుకున్నారు.

"దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మిగతా వాటితో కలపొద్దు" అని గబగబా వెళ్ళిపోయారు.

ముట్టుకోవద్దు. కలపొద్దు. ఇలాంటిది రాహేలు అంతకుముందే ఒకచోట చూసింది.

ఎండాకాలం సెలవుల్లో తను ఊరెళ్ళినప్పుడు, నాయనమ్మ జ్ఞానమ్మతో కాఫీ హోటలుకి వెళ్ళింది. అందరూ లోపల బల్లల దగ్గర కూర్చుని తాగుతున్నారు. నాయనమ్మకి మాత్రం బయట చూరుకి వేలాడేసిన వేరే గ్లాసు. తాగాక ఆమే కడిగి, మళ్ళీ అక్కడే తగిలించింది.

"నీకెందుకు నాయనమ్మా వేరే గ్లాసు?" అని అడిగింది రాహేలు.

"పద పద, ఎండెక్కుతోంది" అంది నాయనమ్మ. రాహేలుకి ఆ రోజంతా అన్నం సయించలేదు.

అందుకే మాస్టారు వెళ్ళిన సాయంత్రం, బేసిన్‌లో ఒంటరిగా తిరుగుతున్న కొత్త చేపని చూడగానే ఆమెకి ఆ గ్లాసు గుర్తొచ్చింది. వల తీసుకుని చేపని పట్టి, తొట్టిలోకి వదిలేసింది.

"మాస్టారు తిడతారే!" అంది హమీదా.

"తిట్టనీ. దాన్నొక్కదాన్నే వేరుగా పెడితే దానికి ఎట్టుంటదో ఆలోచించావా?"

నాలుగు చేపలు ఐదయ్యాయి. అంతా బాగానే ఉంది అనుకుంది. ఇదుగో, ఇవాళ్టిదాకా.

"మాస్టారు ఈ మధ్యాహ్నమే వస్తారంట" అని హమీదా గొంతు తగ్గించింది. "కొత్తదాన్ని తీసి మళ్ళీ బేసిన్‌లో వేసేద్దామే. ఎవరికి తెలుస్తది?"

రాహేలు వల చేతిలోకి తీసుకుంది. తీసేస్తే తిట్లు తప్పుతాయి. కానీ ఈ చేపలకి జబ్బు ఎట్లా వచ్చిందో మాస్టారికి తెలియదు. తెలియకపోతే ఆయన మందేం వేస్తారు?

వల బల్లమీద పెట్టేసింది. అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

మాస్టారు సంచి కూడా దించలేదు. నేరుగా తొట్టి దగ్గరికొచ్చి, చేపల్ని లెక్కపెట్టారు. "ఐదున్నాయేంది?"

"నేనే కలిపానండీ" అంది రాహేలు. "మీరెళ్ళిన రోజే."

మాస్టారి ముఖం ఎర్రబడింది. "నేను చెప్పాను గదా! చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?" అని కసిరారు. అంతలోనే చొక్కా చేతులు పైకి మడిచారు. "సరే, ఆ సంగతి తరవాత. ముందు వీటిని బతికించాలి. కుండలో మంచినీళ్ళు ఉన్నాయా? ఇట్టా తీసుకురా."

రాహేలు కుండ తెచ్చింది. మాస్టారు ఆ నీళ్ళు బేసిన్‌లో పోసి, అందులోకి గాలి గొట్టం పెట్టారు. కొత్త చేపని వలతో ఎత్తారు.

హమీదా కెవ్వుమంది. "మాస్టారూ, అది సముద్రం చేపండీ! మంచినీళ్ళలో చచ్చిపోదా?"

"గంటలకొద్దీ ఉంచితే చస్తుంది. ఐదు నిమిషాలు ఓర్చుకోగలదు. దాని ఒంటిమీదున్న పేలు మాత్రం ఓర్చుకోలేవు. నువ్వు గాలి కొట్టు. రాహేలూ, నువ్వు వల పట్టుకుని చేప మీదనుంచి చూపు తిప్పకు."

చేప మంచినీళ్ళలో పడింది. మాస్టారు చేతి గడియారం చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. మూడో నిమిషంలో చేప పక్కకి ఒరిగింది.

"మాస్టారూ!"

"చూస్తూ ఉండు. మొప్పలు ఆడుతున్నాయా?"

"ఆడుతున్నాయండీ."

"అయితే ఆగు."

ప్రభువా, దీన్ని చంపొద్దు, నా తప్పుకి దీన్ని చంపొద్దు అని రాహేలు లోపల్లోపల అనుకుంటూనే ఉంది. ఇంతలో చేప ఒంటిమీద తెల్లటి చుక్కలు కనిపించాయి. అప్పటిదాకా ఏమీలేని చోట, బియ్యపు నూకల్లాంటివి! ఒకటి ఊడి కిందకి జారింది. ఇంకోటి. బేసిన్ అడుగున ఇరవైకి పైగా పడ్డాయి.

"అవే పేలు" అన్నారు మాస్టారు. "గాజులాగా ఉంటాయి గనక మామూలుగా మన కంటికి ఆనవు. మంచినీళ్ళు తగిలితే తెల్లబడి రాలిపోతాయి. ఊఁ, ఇక ఎత్తు!"

బావమరిది తెచ్చిన పెద్ద జాడీల్లో ఇంకా సముద్రపు నీళ్ళు దాచి ఉంచారు. ఆ నీళ్ళు నింపిన ఇంకో బేసిన్‌లోకి రాహేలు చేపని వదిలింది. అది ఒక క్షణం కదల్లేదు. తరవాత తోక ఒక్కసారి విదిల్చి, చెంగున అవతలి అంచుకి వెళ్ళింది.

రాహేలుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. హమీదా పంపు వదిలేసి చప్పట్లు కొట్టబోయి, మాస్టారు చూడగానే మళ్ళీ పంపు పట్టుకుంది.

ఐదు చేపలకీ అలాగే చేశారు. ఐదూ బతికాయి.

పేల గుడ్లు ఇంకా తొట్టిలో ఉంటాయని, పాత నీళ్ళు పారబోసి ముగ్గురూ తొట్టి, రాళ్ళు రుద్ది కడిగి ఎండలో పెట్టారు. వారం తరవాత ఈ స్నానం మళ్ళీ చేయించాలట.

చేతులు కడుక్కుంటూ మాస్టారు అడిగారు. "చెప్పిన మాట వినే పిల్లవే గదా నువ్వు. ఎందుకు కలిపావమ్మా?"

రాహేలు తల వంచుకుని, నాయనమ్మ గ్లాసు సంగతి చెప్పింది.

మాస్టారు మెల్లగా అడిగారు. "మీ నాయనమ్మకేమన్నా జబ్బా?"

"లేదండీ."

"ఆ గ్లాసు ఎన్నాళ్ళు వేరు పెడతామన్నారు?"

"ఎప్పుడూ అంతేనండీ."

"అది తప్పమ్మా. చానా పెద్ద తప్పు. నీకు కోపం రావడం న్యాయమే." ఆయన రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేను చేపని వేరు పెట్టింది పదిహేను రోజులకి. పేలుంటే పోగొట్టి, తరవాత అందరితో కలుపుదామని. ఆ ముక్క మీకు చెప్పకుండా బస్సెక్కాను. అది నా తప్పు."

"అడక్కుండా కలపడం నా తప్పండీ" అంది రాహేలు.

గుండెమీదనుంచి బండ దిగినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది, తనింకా అన్నమే తినలేదని. హమీదా తన క్యారియర్ కూడా తెచ్చింది. ఇద్దరూ ఎండలో పెట్టిన తొట్టికి కాపలా కాస్తూ తిన్నారు.

రెండు నెలలకి మాస్టారి బావమరిది ఇంకో చేపని తెచ్చాడు. నీలం రంగుది. మాస్టారు క్లాసులో ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే రాహేలు బేసిన్ కడిగి, సముద్రపు నీళ్ళు పోసి, చేపని అందులో వదిలింది. బేసిన్‌ని గది మూల పెట్టలేదు. పెద్ద తొట్టి పక్కనే, గాజుకి ఆనించి పెట్టింది. రోజూ మధ్యాహ్నం దాని దగ్గరే కూర్చుని అన్నం తినేది.

నాలుగో రోజు ఒకటో తరగతి పిల్ల ఒకతి కిటికీలోంచి తొంగిచూసింది.

"అక్కా, దాన్నొక్కదాన్నే ఎందుకు వేరే పెట్టారు? అదేం తప్పు చేసింది?"

రాహేలు లేచి వెళ్ళి, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి బేసిన్ దగ్గర కూర్చోబెట్టింది.

"ఏ తప్పూ చెయ్యలేదు. ఒంట్లో బాగుందో లేదో చూస్తున్నాం. ఇంకా పదకొండు రోజులే."

"ఆ తరవాత?"

"ఆ తరవాత అందరితోనే" అంది రాహేలు.