లేచి నడిచిన ఓడికొలోన్

"నాయనా... గంగాధరా! ఒంట్లో ఎట్లుండాదిరా? జరమొచ్చినట్టు నాకొక మాటన్నా చెప్పకూడదా!"

గుప్పుమన్న వాసనకు వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చిన రామాంజినమ్మ చేతిలోని సంగటి తెడ్డు నడవలోనే జారిపడింది! బెంగుళూరు ప్రయాణానికి తెల్లచొక్కా తొడుక్కొని, పట్టుచీరల మూట భుజాన పెట్టుకొని గడప దాటబోతున్నాడు కొడుకు. ఆమె ఆ మూట లాగి పక్కన పెట్టి, అతని రెక్క పట్టుకొని మంచం మీద కూర్చోబెట్టి, కూర్చున్నవాణ్ణి పడుకోబెట్టేసింది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయింది!

తలుపు చాటున నిలబడ్డ కొత్త కోడలు వనజాక్షి నాలుక కరుచుకుంది. అయ్యో... ఆ వాసన! తన వల్లే కదా ఇదంతా!

డెబ్బై ఎనిమిదిలో అనంతపురంలో చరిత్ర బి.ఏ. ప్యాసై, ఆ ఏడే ధర్మవరంలోని ఈ మగ్గాల ఇంటికి కోడలై వచ్చింది వనజ. పెళ్ళై ఇంకా రెండు నెలలైనా నిండలేదు. వానలు లేక ఊరంతా దుమ్ము కొట్టుకుపోతున్నా ఆమెకు మాత్రం ఏది చూసినా సంబరమే! మగ్గం చప్పుడుకు నవ్వు, ఎండలో ఆరేసిన పట్టునూలు రంగులకు నవ్వు, మొగుడి గోళ్ళలో ఇరుక్కున్న ఎర్రరంగు చూసినా నవ్వే! అలాంటి మొగుడు మొట్టమొదటిసారి ఒంటరిగా బెంగుళూరు షావుకారు దగ్గరికి చీరలు చూపించడానికి పోతున్నాడు. "ఆ పెద్ద అంగళ్ళలో నా దగ్గర రంగుతొట్టి వాసన కొడుతుందేమో వనజా..." అని అతను బెదురుగా అన్న మాట ఆమె మనసులో ముల్లులా నాటుకుంది. అంతే! పుట్టింటికి పోయి వస్తూ అనంతపురం ఫ్యాన్సీ స్టోరులో ఓడికొలోన్ అనే సెంటునీళ్ళ సీసా కొనేసింది.

"నుదుటి మీద తడిగుడ్డకేనా, జ్వరం ఎవరికమ్మా?" అని అడిగాడు అంగడాయన.

"జ్వరానికి కాదండీ, మా ఆయనకు!" అనేసి, తన మాటకు తానే సిగ్గుపడి, గబగబా వచ్చి బస్సెక్కింది.

ఈ పొద్దున గదిలో అతని మెడకూ, చెవుల వెనకా అద్దుతూ ఆమె చెప్పిన కబుర్లకు అంతే లేదు. "రెండొందల యాభై ఏళ్ళ కిందట, జర్మనీలో కొలోన్ అనే ఊళ్ళో ఒక ఇటలీ ఆయన చేశాడట దీన్ని! నిమ్మ, నారింజ తొక్కల నూనెలతో! నెపోలియన్ చక్రవర్తి సీసాలకు సీసాలు వాడేవాడట తెలుసా!"

"ఆయన చక్రవర్తి. నేను మగ్గంగుంటలో కూచునేవాణ్ణి!"

"నాకు మీరే చక్రవర్తి!"

ఆ చక్రవర్తి ఇప్పుడు నులకమంచం మీద వెల్లకిలా పడుకొని, నోరు తెరిచి నిజం చెప్పలేక, పెళ్ళాం వైపు బిత్తరచూపులు చూస్తున్నాడు! 'నా పెండ్లాం నాకు సెంటు పూసింది' అని కన్నతల్లి ముందు ఎట్లా చెప్పడం? అందులోనూ కండెలకు పట్టునూలు చుట్టడానికి వచ్చిన పక్కింటి బయమ్మ ముందు!

రామాంజినమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. "ఒళ్ళు సల్లగుండాదే బయక్కా!"

"అయితే లోజరమే! లోపల కాలుతాండాది," అంది బయమ్మ, అన్నీ తెలిసినట్టు.

"అమ్మా, నాకేం కాలేదు. బస్సు పోతాది..."

"మీ నాయన కూడా ఇట్లే అన్న్యాడురా... 'నాకేం కాలేదే రామాంజినీ' అనే పండుకున్న్యాడు!" ఆమె రెండు చేతులూ ఎత్తి, "కదిరి నరసింహసామీ! నా బిడ్డను లేపు. నా తలవెంట్రుకలు నీకిస్తా!" అని బోరుమంది.

వనజ ఇక ఆగలేకపోయింది. చెబితే ఈ ఇంట్లో తన ముఖం ఏమవుతుందో... చదువుకున్న కోడలికి ఒళ్ళు తెలియడం లేదంటారో... కానీ ఆ తల్లి ఏడుపు చూస్తూ ఎట్లా నిలబడడం!

"అత్తమ్మా! ఆయనకు జ్వరం లేదు! ఆ వాసన... నేను పూసిన ఓడికొలోన్! మగవాళ్ళు సొగసుకు పూసుకుంటారని... నెపోలియన్ కూడా..." మిగిలిన మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

"సొగసుకా!" బయమ్మ బుగ్గలు నొక్కుకుంది. "జరం మందు సొగసుకు పూసినావా తల్లీ! రేపు తలనొప్పి బిళ్ళలు దండ గుచ్చి మెడలో ఏస్తావేమో!"

రామాంజినమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. మంచం పట్టె పట్టుకొని కింద కూలబడింది.

"మీ మామ ఈ మంచంలోనే పండుకోనుండె వనజా... ఆ నీళ్ళలో గుడ్డ తడుపుతాంటి, నొసట ఏస్తాంటి... తడుపుతాంటి, ఏస్తాంటి. ఆయప్ప పోయినాక చేతులు ఎంత సీకాయ పెట్టి కడిగినా ఆ వాసన పోలా. మందుల గూట్లోని సీసా దిబ్బలో ఇసిరేస్తి. ఈ పొద్దు మళ్ళా అదే వాసన... ఈసారి నా కొడుకు కోసరం వచ్చిందనుకొంటి!"

"అత్తమ్మా... నాకు తెలియదు! తెలిసుంటే ముట్టుకునేదాన్ని కూడా కాదు!" వనజ గదిలోకి పరుగెత్తి సీసా తెచ్చి, పెరట్లో ఒంపేయడానికి మూత తీసింది.

"ఆగు!"

ఆ కేకకు అందరూ నిలిచిపోయారు. రామాంజినమ్మ కళ్ళు తుడుచుకుంది.

"గంగాధరా, లెయ్. ఆ గడప దాకా నడువు."

అతను లేచాడు. నడిచాడు. తిరిగి వచ్చాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, అతనితో పాటు నడవంతా కదిలిన ఆ పరిమళం!

"ఇంగోసారి."

మళ్ళీ నడిచాడు. తల్లి ముఖంలో ఏదో మెల్లగా విచ్చుకుంది.

"ఇన్నాళ్ళూ ఈ వాసన పండుకోనుండేదే చూసినా బయక్కా... లేచి నడిచేది ఈ పొద్దే చూస్తాండా!" అంటూ, ఏడుస్తూనే పకపకా నవ్వింది. "చూస్తా నిలబడినావేమ్మే వనజా? ఎండలో బస్సు దాకా పోవల్ల. ఇంగా రెండు చుక్కలు పుయ్యి! ఆ నెపోలియనప్ప కంటే నా కొడుకు తక్కువా!"

"మరి తలవెంట్రుకల మొక్కో?" అంది బయమ్మ.

"రాని జరానికైనా మొక్కు మొక్కే! సామితో బేరమాడేకి ఇది చీరల అంగడా? ముగ్గురమూ పోయొస్తాం కదిరికి!"

చీరల మూట మళ్ళీ భుజానికెత్తుకొని గంగాధర పరుగు తీశాడు. మలుపు తిరిగేముందు వెనక్కి చూసి నవ్వాడు... అమ్మకేసి ఒకసారి, వనజకేసి రెండుసార్లు!

రామాంజినమ్మ సీసా అందుకొని అలవాటుగా మందుల గూటి వైపు నడిచింది. చెయ్యి మధ్యలోనే ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, అద్దం గూట్లో, దువ్వెన పక్కన పెట్టింది. వనజ ఒక్క చుక్క తీసి అత్తగారి పైట చెరగుకు అద్దింది.

"ఛీ, నాకెందుకే!" అంటూనే ఆమె ఆ చెరగు ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ ఒకసారి గట్టిగా పీల్చింది...

"నిమ్మకాయ వాసన గదమ్మే ఇది!" అంది ఆశ్చర్యంగా. "అన్నాళ్ళు చేతులారా పట్టినా... నాకు తెలియనే లేదు!"